లంక చెరువుల వెంట

శ్రీలంక టూర్ ప్యాకేజీ ఏది తీసినా బీచ్‌లు, టీ తోటలు, సిగిరియ కొండ, బుద్ధుడి దంతం ఉన్న క్యాండీ దంతాలయం ఉంటాయి. మేం మాత్రం చెరువులను బట్టి మా దారి వేసుకున్నాం. దానికి కారణం నాన్న. ఆయన సర్వీసంతా వరంగల్ జిల్లాలో నీటిపారుదల శాఖలోనే గడిచింది. పాఖాల, లక్నవరం, రామప్ప చెరువుల తూములు, మత్తడులు ఆయనకు కొట్టినపిండి. లంకలో రెండు వేల ఏళ్ల నాటి చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోందని ఎప్పుడో చదివారు. రిటైరయ్యాక అవి చూడాలని పట్టుబట్టారు.

మేం వెళ్లింది సెప్టెంబరు మొదట్లో. ద్వీపం ఉత్తర, తూర్పు భాగాల్లో అది కరువు నెల. అక్కడ వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి జనవరి దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిగతా నెలలన్నీ నిలవ చేసుకున్న నీళ్లతోనే గడవాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే పాత రాజధానులు అనురాధపురం, పొలన్నరువ బాగా అర్థమవుతాయి.

మొదటి రోజు: అనురాధపురం దారిలో

కొలంబో ఎయిర్‌పోర్టు నుంచి అనురాధపురానికి కారులో నాలుగు గంటలు పైనే పట్టింది. కొబ్బరి తోటలు తగ్గుతున్న కొద్దీ చెరువులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన కట్ట, కట్ట దిగువన కోతకోసిన మడి, ఎగువన ఎండి పగిలిన శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల. మళ్లీ కాసేపటికి ఇంకో కట్ట. "గొలుసుకట్టు చెర్వులు బిడ్డా. పైచెర్వు అలుగు పోస్తే కింది చెర్వుకు నీళ్లు" అన్నారు నాన్న, కారు అద్దంలోంచి తల బయట పెట్టి.

మా డ్రైవర్ ఈ ప్రాంతం మనిషే. వాళ్ల కుటుంబానికి ఊరి చెరువు కింద కొంచెం పొలం ఉంది. నాన్న అడిగేది నేను ఇంగ్లిష్‌లో చెబితే, అతను కారు పక్కకు ఆపి మరీ వివరించాడు. ఊరి చెరువంటే వాళ్లకు కట్ట, తూము మాత్రమే కాదు. చెరువుకు ఎగువన చెట్ల వరుస ఒకటి వదిలేస్తారు. అది గాలిని అడ్డుకుని నీళ్లు ఆవిరి కాకుండా చూస్తుంది. ఇంకా పైన చిన్న కుంట ఉంటుంది. కొట్టుకొచ్చే ఒండ్రు అందులోనే ఆగిపోతుంది, పశువులూ అడవి జంతువులూ అక్కడే నీళ్లు తాగుతాయి. కట్టకు దిగువన, పొలం మొదలయ్యే ముందు, తుంగా చెట్లూ పెరిగిన తడి నేల ఒకటి ఉంచుతారు. ఊటనీటిలోని ఉప్పును ఆ మొక్కలు పీల్చుకుంటాయి కాబట్టి మడి చౌడు బారదు. ఈ మొత్తం ఏర్పాటును ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థగా 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ గుర్తించింది.

మన ఊళ్లలో శిఖం భూములు ఎలా కరిగిపోయాయో గుర్తొచ్చి నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో రోజు: స్తూపాలు, తామరపూలు

అనురాధపురం క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం మొదటి దాకా రాజధాని. దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు. చోళులు దండెత్తి వచ్చాకే ఆ వైభవం ముగిసింది.

పొద్దున్నే శ్రీ మహాబోధి దగ్గరికి వెళ్లాం. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ బోధివృక్షం కొమ్మను క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఇక్కడికి తెచ్చింది. మనిషి నాటినట్టు చరిత్రలో నమోదైన చెట్లలో ఇంత పాతది, ఇంకా బతికున్నది మరొకటి లేదంటారు. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు, చేతుల్లో తామరపూల పళ్లేలు. రేకులను ఒక్కొక్కటే వెనక్కి మడిచి పువ్వు విప్పి పెడుతున్నారు. ఈ పూలు ఎక్కడివని అడిగితే, ఇంకెక్కడివి, చెరువులోవే అంది పూలమ్మే ఆవిడ.

అక్కడి నుంచి రువన్‌వెలిసాయ. దుట్టగామణి రాజు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో మొదలుపెట్టిన తెల్లటి స్తూపం, వంద మీటర్ల పైచిలుకు ఎత్తు. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది జేతవనారామం. సున్నం వేయని ఇటుకల గుట్ట అది. మూడో శతాబ్దం చివర మహాసేనుడు మొదలుపెట్టినప్పుడు దీని ఎత్తు సుమారు 122 మీటర్లు. ఆనాటి ప్రపంచంలో గిజా పిరమిడ్లు రెండే దీనికంటే ఎత్తు. ఇప్పుడు మిగిలింది 71 మీటర్లు. దాదాపు 9 కోట్ల 30 లక్షల ఇటుకలు పట్టాయని లెక్క కట్టారు.

అన్ని ఇటుకలు కాల్చాలంటే, అన్నేళ్లు కూలీలకు అన్నం పెట్టాలంటే ఎంత వరి పండాలి? జవాబు ఆ రాజు చరిత్రలోనే ఉంది. పదహారు చెరువులు తవ్వించాడని లంక పాత చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. అందులో పెద్దది మిన్నేరియ. జనం అతన్ని స్తూపం కట్టించిన రాజుగా కన్నా మిన్నేరి దేవుడిగానే ఇప్పటికీ కొలుస్తారు.

మధ్యాహ్నం ఎండలో అభయగిరి విహారం వైపు తిరుగుతుంటే చంద్రశిల చూశాం. మెట్ల ముందు పరిచిన అర్ధచంద్రాకారపు రాయి అది. బయటి అంచు మంటలు, దాని లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరుగు, ఆ తర్వాత లతలు, ముక్కున తామర మొగ్గలు పట్టిన హంసలు, నడుమ తామర. ఏనుగు తొండం చివర ముడత కూడా కనబడుతుంది. గుర్రం ఒక కాలు మడిచిన తీరు చూస్తే రాయి కొట్టినవాడు గుర్రాన్ని దగ్గరగా ఎంతసేపు చూశాడో అనిపించింది.

ఇక్కడ మనకు నిజమైన చుట్టరికం ఉంది. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి శాసనం సింహళ విహారం ఒకటి అక్కడ ఉందని చెబుతుంది. లంక భిక్షువుల కోసం కృష్ణ ఒడ్డున విహారం! అటునుంచి మన పల్నాడు సున్నపురాయిలో చెక్కిన శిల్పాలు సముద్రం దాటి ఇక్కడికొచ్చాయి. అమరావతి శైలి ప్రభావాన్ని ఈ స్తూపాల వాహల్కడ (స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కట్టడం) శిల్పాల్లో పండితులు గుర్తించారు. అమరావతి చూసినవాళ్లకు ఆ నాగరాజులు, పూర్ణకుంభాలు కొత్తగా అనిపించవు.

మిహింతలే కొండ సాయంత్రం ఎక్కాం. లంకలో బౌద్ధం మొదలైన చోటు. ఎండ దెబ్బకు అలసిపోయి ఎక్కువసేపు ఉండలేదు.

మూడో రోజు: కలావెవ

ఈ ప్రయాణంలో ఒక్కటే చోటు ఎంచుకోమంటే నేను కలావెవ చెరువు అంటాను. టూరిస్టు బస్సులు చాలావరకు ఇక్కడ ఆగవు. పక్కనున్న అవుకన బుద్ధుడి దగ్గరికి కొందరు వస్తారు. ఒకే కొండరాతి నుంచి తీర్చిన దాదాపు 12 మీటర్ల నిలువెత్తు విగ్రహం అది. చూడాల్సిందే. కానీ ఆ విగ్రహం దాటి కట్ట మీదికి రావాలి.

ఐదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన చెరువు ఇది. కట్ట ఆరు కిలోమీటర్ల పైచిలుకు. దీని నుంచి అనురాధపురంలోని తిస్సవెవ చెరువుకు జయగంగ అనే కాలువ వెళ్తుంది, పొడవు 87 కిలోమీటర్లు. మొదటి పదిహేడు మైళ్లలో దాని వాలు మైలుకు ఆరు అంగుళాలే. అది చదివినప్పటి నుంచి నాన్నకు నిద్రలేదు. "డంపీ లెవల్ పెట్టుకుని మేం గంత వాలు తీయాలంటేనే కష్టమయ్యేది. ఏ పనిముట్టూ లేకుంట వీళ్లెట్ల తీసిన్రు?" అని కాలువ గట్టున కూర్చున్నారు. డంపీ లెవల్ అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం.

కాలువకు ఒకవైపే గట్టు ఉంది. రెండో వైపు నేలను అలాగే వదిలేశారు. ఎగువ నుంచి జారే వాననీరు ఎక్కడికక్కడ కాలువలోకి చేరుతుంది. పల్లం వచ్చినచోట నీళ్లు విస్తరించి చిన్న చెరువులా నిలబడి, ఒండ్రు దించుకుని ముందుకు సాగుతాయి. కాలువే దారిపొడవునా ఊళ్ల చెరువులను నింపుకుంటూ పోతుంది.

పాత తూముల్లో బిసొకొటువ అనే నిర్మాణం ఉంటుందని, అది చూపించమని నాన్న మొదటి నుంచీ అడుగుతున్నారు. కట్ట లోపల చతురస్రంగా రాళ్లతో కట్టిన బావిలాంటి గది అది. చెరువులోంచి ఒత్తిడితో వచ్చే నీళ్లు ముందు ఆ గదిలో పడి, జోరు చచ్చిపోయాక దిగువ కాలువలోకి వెళ్తాయి. ఎంత నీరు వదలాలో అక్కడే సరిచూస్తారు. కట్ట లోపలి మట్టి కోసుకుపోదు. పెద్ద చెరువును నిర్భయంగా కట్టగలిగింది ఈ ఉపాయంతోనే అని పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీరు హెన్రీ పార్కర్ రాశాడు. నాన్న ఆ రాళ్ల అతుకుల మధ్య వేళ్లు పెట్టి చూశారు. గోరు కూడా దూరలేదు.

ధాతుసేనుడి కథ మహావంశానికి కొనసాగింపైన చూళవంశంలో ఉంది. కొడుకు కాశ్యపుడు రాజ్యం లాక్కుని, తండ్రి దాచిన నిధి ఎక్కడుందో చెప్పమన్నాడు. కలావెవకు తీసుకెళ్తే చూపిస్తానన్నాడు ముసలి రాజు. ఇక్కడికొచ్చి చెరువులో స్నానం చేసి, దోసిట్లో నీళ్లు తీసుకుని, నాకున్న ఆస్తి ఇదేనన్నాడు. అతన్ని గోడలో పెట్టి సజీవంగా కప్పేశారు. ఆ కట్ట మీద నిలబడి ఈ కథ నాన్నకు చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. నీళ్లు అప్పుడు సగానికి దిగి ఉన్నాయి. ఆవలి ఒడ్డున ఎండిన చెట్ల మధ్య ఏనుగులు మేస్తున్నాయి.

రాత్రికి దంబుల్ల చేరాం. గుహాలయాలు సాయంత్రమే చూసేశాం. ఐదు గుహలు, లోకప్పంతా బొమ్మలు. రెండో గుహలో పైకప్పు నుంచి రాలే నీటిచుక్కలను పట్టే కుండ ఒకటి ఉంది. భక్తులు దాని చుట్టూ కటకటాల దగ్గర దండం పెట్టుకుంటున్నారు.

నాలుగో రోజు: సిగిరియ, మిన్నేరియ

తండ్రిని చంపిన కాశ్యపుడు అనురాధపురంలో ఉండలేకపోయాడు. అసలు వారసుడైన తమ్ముడు మొగ్గల్లానుడు ఇండియాకు పారిపోయాడు, ఏనాటికైనా సైన్యంతో వస్తాడు. అందుకని 180 మీటర్లు నిట్టనిలువుగా లేచిన ఈ బండ మీద కోట కట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఏలాడు.

పొద్దున ఏడింటికే టికెట్టు తీసుకున్నాం. సార్క్ దేశాల వాళ్లకు రేటు తక్కువ, పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. అందరూ బండ వైపు పరిగెడతారు. దయచేసి కింద ఉద్యానవనాల్లో అరగంట ఆగండి. దారికి ఇరువైపులా సమానంగా తీర్చిన కొలనులు, వాటి మధ్య పాముల్లా మెలికలు తిరిగిన రాతి కాలువలు. వాటి పక్కన గుండ్రటి సున్నపురాతి పలకలు ఉన్నాయి. ఒక్కోదానికి వరుసగా చిల్లులు. అవి ఫౌంటెన్లు! భూమిలోని రాతి గొట్టాల ద్వారా ఎత్తునున్న కొలనుల నీళ్లు వచ్చి, ఒత్తిడి మీద ఈ చిల్లుల్లోంచి చిమ్ముతాయి. మంచి వానాకాలంలో ఇవి ఇప్పటికీ పనిచేస్తాయి. మేం వెళ్లినప్పుడు నీళ్లు లేవు. నాన్న ఒక పలక పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిల్లుల వ్యాసం కొలిచి, అన్నీ ఒకే సైజున్నాయని చూపించారు.

సగం ఎత్తులో అప్సరసల బొమ్మలున్నాయి. ఫొటోలు తీయనివ్వరు, అది మంచిదే. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు పదిహేను వందల ఏళ్లయినా తాజాగా ఉన్నాయి. ఒకామె చేతివేళ్లను చిత్రకారుడు ముందు ఒకలా గీసి, తర్వాత సవరించిన గీత కూడా కనబడుతుంది. పక్కనే అద్దంలా మెరిసిన గోడ. ఎనిమిదో శతాబ్దం నుంచి ఇక్కడికొచ్చిన యాత్రికులు ఈ అప్సరసల మీద సింహళంలో పద్యాలు గీకి వెళ్లారు. సెనరత్ పరణవితాన అనే పండితుడు వాటిలో 685 పద్యాలు చదివి ప్రచురించారు.

పైమెట్ల మొదట్లో చెక్కిన పెద్ద సింహం పాదాల దగ్గర నాన్న కూర్చుండిపోయారు. నేనొక్కదాన్నే పైకెళ్లాను. బండ నెత్తిన కూడా రాతిలో తొలిచిన పెద్ద కొలను ఉంది, నీళ్లతో. అక్కడి నుంచి చూస్తే నాలుగు దిక్కులా అడవి, అడవి మధ్య చెరువులు. ధాతుసేనుడి కొడుక్కి రోజూ కనబడింది ఇదే. క్రీస్తుశకం 495లో మొగ్గల్లానుడు సైన్యంతో వచ్చినప్పుడు కాశ్యపుడు కొండ దిగి యుద్ధానికెళ్లాడు. ముందు బురదనేల కనబడి అతని ఏనుగు పక్కకు తిరిగింది. రాజు పారిపోతున్నాడనుకుని సైన్యం చెదిరింది. అతను కత్తితో గొంతు కోసుకున్నాడు.

సాయంత్రం మిన్నేరియ. జీపులో అడవి దాటి ఒక్కసారిగా మైదానంలోకి వచ్చాం. ఎండాకాలంలో చెరువు వెనక్కి తగ్గిన కొద్దీ శిఖంలో లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులు ఎండిపోతాయి కాబట్టి ఏనుగులన్నీ ఇక్కడికి చేరతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా వందల కొద్దీ వస్తాయి. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒకేచోట కనబడే సందర్భం ప్రపంచంలో ఇంకోటి లేదంటారు. ఒక తల్లి ముందుకాలితో గడ్డి దుబ్బును తన్ని వదులు చేసి, తొండంతో పీకి, మట్టి పోయేదాకా మోకాలికేసి దులిపి నోట్లో పెట్టుకుంటోంది. దాని కాళ్ల మధ్య నిలబడ్డ పిల్ల కూడా అదే ప్రయత్నం చేస్తోంది, గడ్డి మాత్రం ఊడటం లేదు. పదిహేడు వందల ఏళ్ల కింద మనుషులు వరి కోసం తవ్విన చెరువు ఏనుగులకు కరువు కాలపు ఆధారమైంది. నేను చూసిన ప్రకృతి వింతల్లో దీన్ని మించింది లేదు.

ఐదో రోజు: పొలన్నరువ

పొలన్నరువ రాజు పరాక్రమబాహు ఏలింది 1153 నుంచి 1186 దాకా. వాన చుక్క ఒక్కటి కూడా మనుషులకు ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదని ఆయన ఆజ్ఞ. ఆయన కట్టించినవీ బాగు చేయించినవీ కలిపి 163 పెద్ద చెరువులు, 2,376 చిన్న చెరువులని చూళవంశం లెక్క చెబుతుంది. ఆయన పోయాక ముప్పై ఏళ్లలోపే, 1213లో, మన పాఖాల, రామప్ప చెరువులు వచ్చాయి. కాకతీయులకూ వీళ్లకూ రాకపోకలున్నాయని నేననను. ఒకేలాంటి ఎండ, ఒకేలాంటి వానలు, ఒకేలాంటి ఆలోచన.

పరాక్రమ సముద్రం అనే చెరువు కట్ట మీద సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. కట్ట పొడవు 14 కిలోమీటర్లు. మూడు చెరువులను ఇరుకు పాయలతో కలిపి ఒకటి చేశారు. అలలు కట్ట రాళ్లకు కొట్టుకుంటుంటే సముద్రమని పేరు పెట్టడంలో అతిశయం కనబడలేదు. మధ్యాహ్నం అక్కడే ఒక ఇంటి హోటల్లో చెరువు చేప పులుసు, తామర దుంపల కూర, కొబ్బరి పచ్చడితో అన్నం తిన్నాం.

గల్ విహారలో ఒకే బండ ముఖాన నాలుగు బుద్ధ విగ్రహాలు. పడుకున్నది 14 మీటర్లు. తల బరువుకు రాతి తలగడ మీద పడిన గుంట చూడండి. పాదాలు రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి లేవు, కొద్దిగా జరిగి ఉన్నాయి. నిద్ర కాదు, పరినిర్వాణం అని శిల్పి ఆ చిన్న తేడాతో చెప్పాడు. వటదాగె అనే గుండ్రటి స్తూపమందిరం మెట్ల దగ్గర చంద్రశిల మీద ఎద్దు లేదు. చోళుల కాలం గడిచాక నందిని తొక్కడం తగదని తీసేశారంటారు.

1215లో కళింగ మాఘుడి దండయాత్రతో ఈ నగరం కూలింది. పాలన చెదిరితే చెరువులను చూసుకునేవాళ్లు ఉండరు. కట్టలు తెగాయి, పొలాలు అడవి అయ్యాయి, జనం నైరుతి దిక్కున వానలు బాగా పడే సీమకు వలసపోయారు.

ఆరో రోజు: క్యాండీ

దంతాలయంలో జనం కిక్కిరిసి ఉన్నారు. పూజ డోలు మోగుతుండగా క్యూలో నడిచి బంగారు పేటిక ఉన్న గదిని దూరం నుంచి చూశాం.

క్యాండీ చివరి రాజులు నాయక వంశస్థులు. మధురై వైపు నుంచి వచ్చిన వీళ్ల మూలాలు తెలుగునాట ఉన్నాయి. ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు, 1815లో బ్రిటిష్ వాళ్లకు పట్టుబడి వేలూరు కోటకు పంపబడ్డాడు. 1832లో అక్కడే పోయాడు. ఊరి నడుమ అందరూ ఫొటోలు దిగే సరస్సు ఆయన 1807లో కట్టించిందే. అందంగా ఉంది. కానీ అది వరి మడుల మీద కట్టిన చెరువు. దాని కింద ఆయకట్టు లేదు. వెట్టి చాకిరీతో తవ్వించాడని, ఎదురు తిరిగిన వాళ్లను చంపించాడని జనం చెప్పుకుంటారు. ధాతుసేనుడి కట్ట చూసొచ్చిన కళ్లతో నేను దీన్ని మెచ్చుకోలేకపోయాను. రాజు మనవైపు వాడైనా సరే.

ఏడో రోజు: నాను ఓయ రైలు

క్యాండీ నుంచి నాను ఓయ స్టేషన్ దాకా టీ తోటల మధ్య వెళ్లే రైలు గురించి అందరూ రాస్తారు. అంత బాగుంటుంది. చలి మొదలవడంతో నాన్న మఫ్లర్ తీశారు. నువర ఎలియలో రాత్రి బస.

ఎనిమిదో రోజు: హార్టన్ ప్లెయిన్స్

చీకటితోనే బయల్దేరాం. తొమ్మిది దాటితే మబ్బు కమ్మి ఏమీ కనబడదు. గేటు దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లన్నీ తీసేయించారు. రెండు వేల మీటర్ల పైన పచ్చిక మైదానం, మంచులో కణుజులు. తొమ్మిది కిలోమీటర్ల నడకలో వరల్డ్స్ ఎండ్ అనే అంచు వస్తుంది. అక్కడ నేల ఒక్కసారిగా 870 మీటర్లు కిందికి తెగిపోతుంది. దిగువన ఊళ్లు, రోడ్లు, దూరాన ఒక చెరువు మెరుపు.

నాకు అంచుకన్నా దారిలోని మబ్బు అడవి గొప్పగా అనిపించింది. పొట్టి చెట్లు, కొమ్మల నిండా నాచు. నాచును వేలితో నొక్కితే నీళ్లు కారాయి. వాన లేకపోయినా మబ్బు నుంచే నీళ్లు పట్టుకుని నేలకు దించే అడవి ఇది. మహావెలి, కెలని, వలవె నదుల తొలి పాయలు ఇక్కడివే. ఐదు వేల అడుగుల పైన ఉన్న అడవి జోలికి వెళ్లొద్దని వృక్షశాస్త్రవేత్త జోసఫ్ హుకర్ బ్రిటిష్ ప్రభుత్వానికి సలహా ఇచ్చాడు. కిందంతా టీ కోసం నరికేసినా ఇది మిగిలింది అందువల్లనే.

దిగేటప్పుడు డ్రైవర్ చెప్పాడు: మహావెలి నీళ్లను 1976 నుంచి క్యాండీ దగ్గర పొల్గొల్ల ఆనకట్ట నుంచి సొరంగంలోకి మళ్లించి కలావెవ దాకా పంపుతున్నారు. వాళ్ల ఊరివైపు పొలాలకు ఆ నీళ్లూ ఆసరా. "మరి నీళ్లు తక్కువున్న ఏడు ఏం జేస్తరు? కట్ట దగ్గరోడే పండించుకుంటడా?" అని అడగమన్నారు నాన్న. అలా కాదట. ఆ ఏడు చెరువుకు ఆనుకుని ఉన్న పొలాన్నే సాగు చేస్తారు. దాన్ని ఊళ్లో రైతులందరికీ, వాళ్ల వాళ్ల భూమి లెక్కన, ఆ ఒక్క పంటకు పంచుతారు. బెత్మ అంటారు దాన్ని. ఆ పొలం సొంతదారుడు కూడా తన వంతే తీసుకుంటాడు. నాన్న ఇంకోసారి అడిగించి నిర్ధారించుకున్నారు. తన సర్వీసులో తూముల దగ్గర తలలు పగిలిన పంచాయతీలు ఎన్నో చూసిన మనిషి ఆయన.

వచ్చే నెలలో వాళ్ల ఊళ్లో రైతుల మీటింగు ఉంది. వానాకాలపు పంటకు తూము ఎప్పుడు ఎత్తాలి, ఎన్ని రోజుల వరి వేయాలి అన్నది అక్కడ అందరూ కూర్చుని తేలుస్తారు. ఆ వారం ఎవరు ఎంతిస్తామన్నా కారు తీయనని చెప్పాడు డ్రైవర్. తను రావచ్చా అని నాన్న అడిగించారు. తప్పకుండా రమ్మన్నాడు.